పళ్లతో విన్న మనిషి

పోయిన వారం చిత్తూరులో ఒక డాక్టరమ్మ నా వీపు మింద ఎడమచెయ్యి పరిచి, దాని మింద కుడిచేతి నడిమేలితో టక్ టక్‌మని కొట్టింది. మూడు వారాలుగా వదలని దగ్గు నాది. ఊపిరితిత్తుల్లో నీరేమన్నా చేరిందేమోనని ఆమె పాపం బుద్ధిగా చూస్తా ఉండాది. నాకేమో కిసుక్కున నవ్వొచ్చేసింది. నవ్వు ఆపుకుందామంటే దగ్గు, దగ్గు ఆపుకుందామంటే నవ్వు.

"ఏమ్మా, చక్కిలిగింతలా?" అని అడిగింది.

"లేదు మేడం, ఒక పెద్దాయన గుర్తుకొచ్చినాడు."

"ఆయనా డాక్టరేనా?"

"కాదు మేడం. రాళ్లు కొట్టేవాడు."

ఆమె కళ్లజోడు పైనుంచి నన్నొకతూరి చూసి, ఇంకో నాలుగు దెబ్బలు కొట్టి, "బాగానే పలుకుతోంది. నీరేం లేదు, పో" అనింది.

అచ్చం ఆ మాటే! "పలకతా ఉండాది." ఆ పెద్దాయన దేన్నన్నా మెచ్చుకోవాలంటే ఆయన దగ్గరుండే మాట అదొక్కటే. మందుల చీటీ చేతిలో పట్టుకొని బయటికొచ్చి, ఆసుపత్రి మెట్ల మింద కూచొని, ఒకపక్క దగ్గతా ఒకపక్క నవ్వతా ఉండిపోయినాను. చూసినోళ్లు పిచ్చిదనుకొనుంటారు.

ఆయన పేరు ఈడ రాయను. రాయొద్దని ఆయనే చెప్పినాడు. ఎందుకో ఆ సంగతి వచ్చినప్పుడు చెప్తాను.

ఐదారేండ్ల కిందట నేను తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తా ఉన్నాను. గబ్బిలాల అరుపుల మింద. ఈ మాట మా బంగారుపాళ్యంలో చెప్తే జనం మొగం అదోమాదిరి పెట్టేవాళ్లు. "అవి అరిస్తే ఇంటికి మంచిది గాదంటారే, దానికి సదువు కూడా ఉండాదా?" అనింది మా పక్కింటామె. గబ్బిలం నోటితో అరస్తా పోతాది. ఆ అరుపు ఎదురుగా ఉండే పురుక్కో కొమ్మకో తగిలి తిరిగొస్తాది. తిరిగొచ్చిన దాన్నిబట్టి ముందర ఏముండాదో, ఎంత దూరంలో ఉండాదో దానికి తెలిసిపోతాది. మన చెవులకు అందనంత సన్నటి అరుపు అది. అందుకని మా దగ్గర చేతిలో పట్టేంత డబ్బా ఒకటుంటాది. ఆ అరుపుల్ని మనకు వినపడే టకటకలుగా మార్చిస్తాది. దానికొక చక్రం. చక్రం పైకి తిప్పితే సన్న అరుపులు, కిందికి తిప్పితే లావు అరుపులు. ఏ జాతి గబ్బిలానికైనా దాని అరుపే దాని ఆధార్ కార్డు.

ఎడారుల్లో, ఎండిపోయిన రాతినేలల్లో బతికే గబ్బిలం ఒకటుండాది. అది మన సీమ గుట్టల్లో కూడా ఉండాదా లేదా? ఇదీ నా ప్రశ్న. ఐరాల పక్కనుండే గుట్టలు నేను ఎంచుకున్న తావు.

మొదటిదినం ఐరాలలో టీ అంగడి కాడ బెంచీ మింద నా డబ్బా పెట్టి, ఈ చుట్టుపక్కల గుహలుండాయా, పాడుబడిన బావులుండాయా, కూలిపోయిన మంటపాలుండాయా అని అందరినీ అడగతా ఉన్నాను. అంతలో పొట్టిగా, గట్టిగా, భుజానికి గోతాం సంచి తగిలించుకొని ఒక పెద్దాయన వచ్చినాడు. రోళ్లు నున్నబడితే గంట్లు కొట్టేది, చేన్ల చుట్టూ పాతే రాతి కూసాలు చీల్చేది ఆయన పని. నన్ను పలకరించలేదు. నేరుగా నా డబ్బా తీసుకొని, వేలిగోటితో టక్‌మని కొట్టి, మొగం చిట్లించినాడు.

"మే అమ్మణ్ణీ! ఇది లోపల ఖాళీగా పలకతా ఉండాది. నిన్నెవురో బాగా మోసం చేసినారు!"

అంగడంతా గొల్లుమనింది. "బ్యాటరీలు తీసిపెట్టినాను పెద్దాయనా!" అన్నాను. ఆయన చెయ్యి చెవి కాడ పెట్టుకొని "ఆఁ?" అన్నాడు. టీ పోసే ఆయన, "గట్టిగా అరువు పాపా, ఆయనకు రెండు చెవులూ అవుటు" అని చెప్పినాడు. మళ్లీ అరిచినాను. "బ్యాటరీలా! అదీ సంగతి. సామాను దిగని కొత్తింట్లో గోడ కొట్టినట్టు పలికింది" అని తలకాయ ఊపి, డబ్బా నిమ్మళంగా తిరిగి పెట్టినాడు. నాకు ఆ నిముసమే ఆ మనిషి మింద మనసు పడిపోయింది.

ఆయన కొట్టి చూడకుండా దేన్నీ నమ్మడు. కుండ, గోడ, గడప, టెంకాయ, అంగట్లో కొత్త ప్లాస్టిక్ కుర్చీ, ఏదైనా సరే. చెవులు వినపడకున్నా వేలిగుండా ఎక్కే అదురుతోనే లోపలి సంగతి కనిపెట్టేవాడు. కోడలు పళ్లెంలో సంగటిముద్ద పెడితే దాన్ని కూడా వేలితో ఒకతూరి తట్టేవాడు.

"అది రాయి గాదు మామా, తిను!" అని ఆమె కసిరేది.

"నువ్వు చేసినాక ఏది రాయో ఏది ముద్దో తెలీదు గదమ్మా" అని, ఊరిబిండి నంజుకొని గుటుక్కున మింగేవాడు. ఆ ఇంట్లో నేను ఎన్నితూర్లు సంగటి తిన్నానో లెక్కలేదు. ఆ మామాకోడళ్ల తగవు చూసేకే సగం పోయేదాన్ని.

అన్నిటికీ ఆయన చెప్పిందే నిజమని గాదు. ఒకతూరి వడమాలపేట పక్క గుట్టలు చూద్దామని ఇద్దరం తిరుపతిలో బస్సెక్కినాము. ఎక్కేముందు బస్సు రేకును తట్టి, "ఎడమపక్క కూచోవద్దు, ఈ రేకు ఊడొస్తాది" అన్నాడు. కుడిపక్క సీట్లు ఖాళీ లేవు. నేను ఎడమపక్కే కూచొని బొరుగులు తింటా హాయిగా పోయినాను. ఆయన వడమాలపేట దాకా కమ్మీ పట్టుకొని నిలబడే వచ్చినాడు. రేకు ఊడలేదు, ఏమీ ఊడలేదు. దిగినాక, "ఏం పెద్దాయనా?" అని ఎగతాళి చేసినాను. "తిరుగు ప్రయాణం ఉండాది గదా, తొందరెందుకు" అన్నాడు.

కానీ రాయి కాడికొస్తే వేరే మనిషి అయిపోయేవాడు. మాట ఉండదు, నవ్వు ఉండదు. పొడుగాటి ఉలి మొన రాతికి ఆనించి, గుడ్డపేలిక చుట్టిన దాని తలను పళ్ల మధ్య పెట్టుకొని, కళ్లు మూసుకొని, ఇంకో చేత్తో చిన్న సుత్తి తీసుకొని రాయిని కొట్టేవాడు. టక్... టక్... టక్. మొదటితూరి చూసినప్పుడు ఉలిని నాకతా ఉండాడా ఏందని బిత్తరపోయినాను. అడిగితే చెప్పినాడు.

"క్వారీలో ఉండంగా బండలు పేల్చే తూటా పక్కనే పేలె. రెండు చెవులూ పొయ్యె. రాళ్లు కొట్టేవానికి చెవి పోతే ఇంకేముండాదిమే? నెల దినాలు ఏడిస్తి. ఒకదినం ఉలి నోట కరుచుకొని రెండు చేతులతో బండ జరపతా ఉంటే, ఉలి మొన బండకు తగులుకొనుండాది. అవతలి పక్క ఎవుడో ఆ బండను కొట్టినాడు. ఆ దెబ్బ నా పుర్రెలో గంట కొట్టినట్టు వినిపిచ్చె! ఎగిరినా, దూకినా, మేస్త్రీని కరుచుకొని ముద్దు పెట్టుకొన్నా. నాకు పిచ్చి పట్టిందనుకొన్నారు."

పిచ్చి గాదు. ఆయన కర్ణభేరులు చిరిగిపోయినాయిగానీ లోపలి చెవి బాగుండాది. పళ్లగుండా, దవడ ఎముకగుండా పోయే చప్పుడు నేరుగా ఆ లోపలి చెవికి చేరతాది. ఇది నేను పుస్తకంలో చదువుకొన్నాను. ఆయన ఏ పుస్తకమూ లేకుండా కనిపెట్టుకొన్నాడు.

గబ్బిలం సంగతి మా నాయనకు అర్థం చేయించేకి నాకు రెండు దినాలు పట్టింది. ఈయనకు అర నిముసం.

"అంటే, నోటితో సుత్తేస్తాది."

"అవును పెద్దాయనా!"

"తిరిగొచ్చేది ఇంటాది."

"అవును!"

"మా పనే గదా. అడగంది అమ్మైనా పెట్టదంటారు. కొట్టంది రాయైనా పలకదు. అయితే ఒగ మాట చెప్పు. దానికెన్ని సుత్తులుండాయి?"

నాకు అర్థం కాలేదు. ఆయన సంచిలో చెయ్యిపెట్టి చిన్న సుత్తి తీసి ఒకపక్క, గోడకు ఆనించిన సమ్మెట తెచ్చి ఒకపక్క పెట్టినాడు. "సన్నపగులు కనుక్కొనేకి ఇది. లారీ అంత బండను దూరంనుంచి అడిగేకి అది. చిన్న సుత్తి చప్పుడు ఆ దూరం పోదు. మీ గబ్బిలాలన్నీ చిన్న సుత్తివేనా? సమ్మెట గబ్బిలం లేదా?"

నేను నవ్వేసి, "ఈడ లేదు పెద్దాయనా" అన్నాను. నా చదువు మింద నాకు అంత నమ్మకం. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ నా నెత్తిన నేనే ఒకటి మొట్టుకోవాలనిపిస్తాది.

ఎందుకంటే మా ల్యాబులో ఒక కట్టుబాటు ఉన్నింది. చక్రం మింద ఇరవై అంకెకు పైనుండేది గబ్బిలం, కిందుండేది పురుగు. కీచురాళ్లు, మిడతలు రాత్రంతా చెవులు తూట్లు పడేట్టు అరస్తాయి గదా, వాటి గోలంతా ఆ కిందనే ఉంటాది. అందుకని గుట్టల మింద రాత్రంతా వదిలిన మిషన్లు పట్టిన రికార్డుల్లో ఇరవై కింద ఉండేదంతా కంప్యూటరే ఏరి పక్కన పడేసేది. దాన్ని తెరిచి చూసే పనే లేదు. ఎడారి గబ్బిలం అరుపు కూడా ఇరవైకి పైనే ఉంటాదని మా లెక్క, అందుకని నేనూ చూడలేదు. చక్రం కూడా ఇరవై కిందికి ఎప్పుడూ తిప్పలేదు.

అట్లా రెండేండ్లు ఎండలో కాలినాను, ముళ్లు దిగినాయి, ఒకతూరి తేలు కుట్టింది. దొరికింది రెండే రకాల గబ్బిలాలు. మా గైడు సారు నా చార్టులన్నీ చూసి, చూసి, కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు: "అమ్మా, ఈ రెండు రకాలూ మన హాస్టలు మెట్లకింద కూడా ఉండాయి. వాటికోసరం ఐరాల దాకా పోవాల్నా? ఎడారి గబ్బిలం అరుపు ఒక్కటన్నా తే. లేకుంటే నీకు గడువు పెంచమని అడిగేకి నాకు మొగం చాలదు."

నెలాఖరుకు గడువు అయిపోతాది. మా నాయన అప్పటికే బంగారుపాళ్యంలో మామిడిరసం ఫ్యాక్టరీలో మాట్లాడి పెట్టినాడు. ల్యాబులో ఉద్యోగం. రసం పులుపెంత, తీపెంత చూసి రాసుకోవాల. ఒకటో తేదీ చేరాల. తక్కువ పని అని గాదు. నాకిష్టం లేదు, అంతే. నాకు గబ్బిలాలు కావాల. ఆ దినం బస్సులో కిటికీ పక్కన కూచొని ఐరాల దాకా ఏడ్చుకుంటా పోయినాను. కండక్టరు టికెట్ కూడా అడగలేదు.

గుట్ట మింద పెట్టిన మిషన్లు విప్పుకొని, పెద్దాయనకు చెప్పేసి పోదామని నా ఆలోచన. ఆయన నా మొగం ఒకతూరి చూసినాడు. సంచి భుజానికేసుకొని నా వెంట గుట్టెక్కినాడు. పొద్దు కుంకతా ఉండాది. నేను తీగలు చుడతా ఉంటే, బండమింద కూచొని అన్నాడు:

"పోయేముందర ఆ డబ్బా ఒకతూరి నాకియ్యిమే. ఇన్నాళ్లూ నువ్వొక్కదానివే ఇన్న్యావు."

నాకు తల కొట్టేసినట్టయింది. రెండేండ్లుగా నా పక్కన కూచున్న మనిషికి ఒక్కనాడన్నా ఆ డబ్బా చేతికిచ్చిన పాపాన పోలేదు. చెవుడు గదా, ఏం వింటాడులే అని. రాళ్లను పళ్లతో వినే మనిషిని పక్కన పెట్టుకొని! గమ్మున తీసి ఇచ్చేసినాను.

ఆయన డబ్బాను బండమింద పెట్టి, దానికి ఉలి మొన ఆనించి, గుడ్డ చుట్టిన తలను పళ్ల మధ్య కరిచినాడు. కళ్లు మూసినాడు. చక్రం ఎట్లా తిప్పాలో చూపించినాను. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తిప్పుకుంటా ఉండాడు. చిట్టి గబ్బిలాల టకటక రాంగానే కళ్లు తెరిచి నావైపు చూసి కనుబొమ్మలెగరేసినాడు. నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చినాయి. సరే, ఈ మాత్రం సంతోషమన్నా మిగిలిందిలే అనుకొని మళ్లీ తీగల్లో పడినాను.

కాసేపటికి వెనకనుంచి బండను కొట్టిన చప్పుడు. తిరిగి చూస్తే రమ్మని చెయ్యి ఊపతా ఉండాడు. చక్రం అడుక్కంటా తిప్పేసుండాడు.

"ఆడ పురుగులు పెద్దాయనా! ఇరవై కింద ఉండేదంతా పురుగులే!"

నోట్లోంచి ఉలి తీసినాడు. "పురుగు గాదు."

"పురుగే!"

"గమ్మునుండు మే! పురుగు ఒగ తావున కూచొని నేనుండా నేనుండా అని అరస్తాది. ఇది పోతా ఉండాది, వస్తా ఉండాది. పురుగు చెప్తాది. ఇది అడగతా ఉండాది!"

"దూరంనుంచి గాలికి అట్లా..."

"కొట్టి చూపిస్తా, చూడు." సుత్తి తీసుకొని మేం కూచున్న బండను కొట్టుకుంటా పోయినాడు. "టక్... టక్... ఇదీ దూరంగా ఉన్నప్పుడు కొట్టేది. టక్, టక్, టక్. ఏందో తగిలింది, దగ్గరికి పోతా ఉండాను. ఇప్పుడు చూడు, టకటకటకటక! ఇదీ చీలిక! చీలిక దగ్గరపడితే ఎవుడైనా బిరబిరా కొడతాడు, ఖచ్చితంగా యాడుండాదో తెలియాల గదా. ఇప్పుడు నీ డబ్బా ఇను."

వంగి విన్నాను. టప్... టప్... టప్. నిదానంగా, లావుగా, ఆకాశంలో యాడో చాలా ఎత్తున. టప్, టప్, టప్. దగ్గరపడింది. టపటపటపటప టర్ర్‌ర్! మళ్లీ టప్... టప్...

గబ్బిలం పురుగును పట్టే ముందర అరుపులు వేగం చేస్తాది. మొదటి ఏడాది మొదటి పాఠం ఇది. పురుగు అట్లా అరవదు. ఏ పురుగూ అరవదు. లావు అరుపు, దూరం పోయే అరుపు, పైన బయలుగాలిలో ఎగిరే గబ్బిలం. సమ్మెట గబ్బిలం!

"పెద్దాయనా!" అని గుట్ట అదిరేట్టు అరిచినాను. "ఇవి యాడనుంచి వస్తా ఉండాయి?"

ఆయన నవ్విన నవ్వు చూడాల. "ఇప్పుడడిగినావు! రెండేండ్లుగా గుహ యాడ, బావి యాడ, మంటపం యాడ అని అడిగితివేగానీ, ఏ రాతిలో కాపరముండాదని ఒగ దినమన్నా అడిగితివా? రేపు సందేళకు రా, చూపిస్తా."

ఆ రాత్రి ఆయన కోడలి పక్కన చాపేసుకొని పడుకొన్నాను. నిద్రా పాడా! మూడుతూర్లు లేసి నీళ్లు తాగినాను. "నీకు సూపించే దాకా ఆ గబ్బిలాలు యాడికీ పోవులే, పండుకో" అని ఆమె దుప్పటి మొగం మిందికి లాక్కొనింది.

మరసటి దినం సందేళకు గుట్ట వెనకపక్క, లారీ అంత బండ కాడికి తీసకపోయినాడు. బండ నొసటన ఉలితో చెక్కిన ఇంటూ గుర్తు ఒకటుండాది, జానెడు జానెడు గీతలతో. ఒక అంచున రెండు వేళ్లు పట్టేంత చీలిక, దాని కింద నల్లటి మరక. ఉలి ఆనించి, కరిచి, విని, దాన్ని నా చేతికిచ్చినాడు. "నువ్వూ ఇను."

గుడ్డపేలిక ఉప్పగా ఉన్నింది. పళ్లు జివ్వుమన్నాయి. లోపల గీకతా ఉండారు, తోసుకుంటా ఉండారు, కిచకిచమని పోట్లాడతా ఉండారు. బస్సు దిగేముందర జనం చేసే గోల అది. రాయి లోపలినుంచి వస్తా ఉండాది, నా తలకాయలోకి!

వెలుతురు ఇంకా పూర్తిగా పోకముందే మొదటిది జారి కిందికి పడినట్టు పడి, రెక్కలు విప్పి, బాణంలాగా పైకి పోయింది. డబ్బా టప్‌మనింది. ఇంకోటి. ఇంకోటి. నేను కెమెరా నొక్కతా, చక్రం తిప్పతా, లెక్క తప్పతా, ఏడస్తా, కేకలేస్తా ఉండాను. ఆయన ఉలి కరుచుకొనే ఒక్కోదానికి ఒక్కో వేలు ముడుస్తా ఉండాడు. చేతివేళ్లు అయిపోయినాయి. చెప్పులు విడిచి కాలివేళ్లు చూపించినాడు. చివరగా టార్చి వేసి చీలికలోకి తొంగి చూస్తే ఒక సోంబేరి గబ్బిలం మిగిలుండాది. ముడతల మూతి, ఎలక తోక మాదిరి రెక్కల పొర దాటి బయటికొచ్చిన తోక. అదే, నేను రెండేండ్లుగా వెతికిందే! పెద్దాయన చేతులు పట్టుకొని ఆ బండ ముందర గిరగిరా తిరిగినాను. "ఇడువుమే, పడతా!" అని అరస్తానే ఆయనా తిరిగినాడు.

దిగేటప్పుడు ఆ ఇంటూ గుర్తేందని అడిగినాను. "పనికిరాని రాయి గుర్తు. చీలికుండాదని క్వారీ దినాల్లో నేనే ఏసినా. ఆ గుర్తు చూస్తే మావాళ్లెవరూ సుత్తి పెట్టరు" అన్నాడు. నేను ఊఁ కొట్టి వదిలేసినాను. ఆ సంతోషంలో నాకు ఇంకేం పట్టలేదు.

తిరుపతిలో గైడు సారు రికార్డు విని, "పురుగులమ్మా" అన్నాడు. నేను ఆయన బల్లమింద కొట్టినాను. టక్... టక్... టక్, టక్, టకటకటక. సారు ఇంకోతూరి విన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకొన్నాడు. ఫోటోలు చూసినాడు. "పాత రికార్డుల్లో ఇరవై కిందివి ఉండాయా, చెరిపేసినావా?" అని భయంభయంగా అడిగినాడు. మొదటి ఏడాదివి చెరిపేసినాను, ఆ పాపం నాదే. రెండో ఏడాదివి "చెత్త" అని పేరుపెట్టి దాచినాను. మా అమ్మ చింతపండు పిప్పి కూడా పారెయ్యదు, ఇత్తడి తోమేకి పనికొస్తాదని దాస్తాది. ఆ బుద్ధి నన్ను కాపాడింది. ఆ చెత్త నిండా గబ్బిలాలే! గడువు పెంచినారు. ఆ పెరిగిన గడువులో ఐరాలకు పోయినప్పుడల్లా పెద్దాయన నాకు ఉలి కరిచి రాయిని వినేది నేర్పినాడు. ఫ్యాక్టరీకి మా నాయనే పోయి చెప్పొచ్చినాడు. "రసం పులుపో తీపో వాళ్లే నాకి చూసుకుంటార్లే" అన్నాడు.

థీసిస్ అట్టలు కట్టించి, మొదటి ప్రతి ఐరాలకు తీసకపోయినాను. ముందుపేజీలో కృతజ్ఞతల కింద నీ పేరు వేసినాను పెద్దాయనా, ఇంకా మార్చుకోవచ్చు, సరిగ్గా ఉండాదా చూడమన్నాను. ఆయన కోపంగా చూసినాడు.

"కొట్టెయ్. ఈ చేత్తో ఎన్ని మెట్లకు, ఎన్ని అరుగులకు దాతల పేర్లు చెక్కినానో. నా పేరు యాడా చెక్కుకోలే. రాయి కొట్టినోడు రాయి మింద పేరు చెక్కుకోడు."

నేను ఎంత బతిమాలినా వినలేదు. కొట్టేసినాను. తర్వాత పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకొని, ముందట్ట, వెనకట్ట, నడిమిన వేలితో కొట్టి చూసినాడు. "పలకతా ఉండాది. నడిమిన మాత్రం రవ్వంత బోలుగా ఉండాది" అన్నాడు. వైవాలో పరీక్షకు వచ్చిన ప్రొఫెసరు కూడా అదే చెప్పినాడు, మూడో అధ్యాయం బలహీనమని. నేను నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగే నెపంతో మొగం తిప్పుకొన్నాను.

ఆయన పోయి ఏడాది దాటింది. నేను పాఠాలు చెప్పే కాలేజీలో పరీక్షల డ్యూటీలో ఉండి, కబురు తెలిసి నేను చేరేసరికి మూడోదినం. ఆయన కోడలు ఉలి, చిన్న సుత్తి తెచ్చి చేతిలో పెట్టి, "నీకిమ్మన్నాడు మామ. ఆ గుడ్డ మార్చుకో, అదొక కంపు" అని కండ్లు తుడుచుకొనింది. గుడ్డ మార్చలేదు. బీరువాలో పెట్టి తాళం వేసినాను. ముట్టుకొనేకి ధైర్యం చాల్లేదు.

పోయిన వారం, ఆ ఆసుపత్రి మెట్ల మిందనుంచి లేసి నేరుగా ఇంటికి పోయి బీరువా తెరిచినాను. మందులు కొనలేదు. ఉలి, సుత్తి చేతిసంచిలో వేసుకొని ఐరాల బస్సెక్కినాను. కోడలక్కను వెంటబెట్టుకొని, దగ్గతా దగ్గతా సందేళకు ఆ బండ కాడికి చేరినాను.

ఊరికే గబ్బిలాలు వినేసి వద్దామనే పోయినాను. వాటికి ఇంకా టైముండాది. చేతిలో సుత్తుండాది గదా, ఆయన నేర్పినట్టు ఉలి కరిచి బండను కొట్టుకుంటా పోయినాను. టక్. పలికింది. రెండు అడుగులు జరిగి కొట్టినాను. పలికింది. చుట్టూ తిరిగినాను. గంట మాదిరి పలకతా ఉండాది, యాడ కొట్టినా. ఆ చీలిక అంచున మూరెడు మేర మాత్రమే బోలు. ఆ మూరెడు చెక్కేస్తే మిగిలిందంతా మేలిరకం రాయి. నమ్మకం కలగలేదు. మూడుతూర్లు తిరిగి కొట్టినాను. ఆయన కాడ నేర్చుకొన్న పని ఇది, తప్పు పోదు.

"అక్కా, ఈ రాతికి ఏ దోషమూ లేదు! పనికిరాదని గుర్తేసినాడే!"

ఆమె నింపాదిగా బండకు ఆనుకొని కూచొనింది. "తెలుసు. మా అత్త చెప్పేది. ఈ రాయి చీల్చమంటే, ఉలి కరిచి ఇన్నాడంట. లోపల పిల్లాజెల్లా ఉండాయి, ముట్టను అన్నాడంట. మేస్త్రీ ఒప్పుకోకపోతే రాత్రికి రాత్రి ఈ గుర్తేసినాడంట. అందరి ముందర ఆ మేస్త్రీ, 'మంచి రాయిని పనికిరాదంటావా, చెవులతోపాటు నీకు రాయి తెలివి కూడా పొయ్యింది' అని పని మాన్పించినాడంట. మా మామ ఒక్క మాట తిరిగి అనలేదంట. ఆనాటి నుంచే గదా రోళ్లకు గంట్లు కొట్టుకుంటా ఊళ్లు తిరిగింది."

నేను ఆ గుర్తు మింద చెయ్యి పెట్టి నిలబడిపోయినాను. రాయి తెలియనోడని ఊరంతా అనుకుంటా ఉంటే, చెవుల్లేకుండా పళ్లతో రాయిని చదివిన మనిషి నోరు మూసుకొని ఊరుకొన్నాడు. నాకు కూడా చెప్పలేదు. నేను అడగలేదు. ఆ గుర్తేందంటే ఊఁ కొట్టి గుట్ట దిగిపోయినాను. పేరు యాడా చెక్కుకోనన్న మనిషి తనంతట తాను చెక్కింది ఇదొక్కటే, అదీ అబద్ధం. ఆ అబద్ధం కిందనే అవి ఇన్నేండ్లు పిల్లల్ని పెంచుకొన్నాయి. దాని కిందనే నా చదువు నిలబడింది. నాకు ఏడుపు రాలేదు. ఎగిరి గంతేయాలనిపించింది. "పెద్దాయనా, ఎంత పని చేస్తివి!" అని గట్టిగా అరిచినాను, ఆయనకు వినపడేట్టు.

పొద్దు కుంకింది. చీలికలోంచి మొదటిది జారి పైకి లేసింది. ఆ పాతగుడ్డ పళ్ల మధ్య పెట్టుకొని, ఉలి మొన ఆ ఇంటూ గుర్తు నడిమిన ఆనించి, కళ్లు మూసుకొన్నాను.

పలకతా ఉండాది.